కడబంతి దాకా వడ్డించాలి

సర్వరు అన్న ఇంగ్లీషు మాటకు అర్థం వడ్డించేవాడు. ఆ వడ్డించేవాడు ఇప్పుడు విస్తళ్ళలో అన్నం పెట్టడం మానివేశాడు. అతిథి చేతికి బియ్యమూ, పప్పూ, కట్టెలూ, ఒక వంటల పుస్తకమూ ఇచ్చి "మీ విస్తట్లో మీరే వండుకోండి" అంటున్నాడు. దీనికి ఆధునికత అని పేరు పెట్టారు. అంతర్జాలంలో పుటలు కట్టే వృత్తిలో ఉన్నవారిలో అధికసంఖ్యాకులకు ఇది వింతగా తోచకపోవడమే నాకు వింతగా ఉంది.

ఈ వ్యాసంలో నేను వాదించదలచినది ఒక్కటే. చదవడానికి ఉద్దేశించిన ఏ పుటయినా సర్వరు వద్దనే పూర్తిగా తయారై, పాఠం పాఠంగానే పాఠకుడిని చేరాలి. ఆ తరువాత ఆ పుటలో జరగవలసిన మార్పులు సైతం సర్వరు తయారుచేసిన తునకలుగానే రావాలి. బ్రౌజరులో నడిచే స్క్రిప్టు ఈ పనికి సహాయకుడే గాని యజమాని కాదు. వెబ్ కాంపొనెంట్లు అనే సదుపాయాన్ని నేడు అనేకులు ఈ పద్ధతికి విరుద్ధంగా వాడుతున్నారు. నిజానికి అవి ఈ పద్ధతికే మిక్కిలి అనుకూలమైనవి.

సాంకేతికవృత్తిలో లేని చదువరులు ఇక్కడే ఆగిపోవద్దని మనవి. ఇది ప్రోగ్రామర్ల ఇంటిగొడవ కాదు. మీరు చదివే కథ, వెతికే పద్యం, దాచుకోదలచిన వ్యాసం మీకు అందుతాయా లేదా అన్నది ఈ నిర్ణయం మీద ఆధారపడి ఉంది. పరిభాషను వీలైనంత విప్పి చెబుతాను.

ఫాంటు సంకెల, స్క్రిప్టు సంకెల

తెలుగువారికి ఈ జబ్బు కొత్తది కాదు. 2000 ప్రాంతంలో తెలుగు పత్రికల సైట్లు అధికభాగం తమతమ సొంత ఫాంట్లతో నడిచేవి. ఒక్కొక్కరిదీ ఒక్కొక్క సంకేతవ్యవస్థ. పుటలో ఉన్నది నిజానికి తెలుగు కాదు, రోమను అక్షరాలకు కేటాయించిన సంకేతాలు. ఆ పత్రికవారి ఫాంటు ఉన్నంతసేపు అవి తెలుగులా కనిపించేవి. లేకపోతే పిచ్చిగీతలే. వెతికితే దొరికేవి కావు. నకలు తీసి ఇంకొకచోట అతికిస్తే అర్థం పోయేది. వాటిని యూనికోడులోకి మార్చడానికి 'పద్మ' వంటి ఉపకరణాలను ఔత్సాహికులు తయారుచేయవలసి వచ్చింది.

యూనికోడులో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా మన పుటలు దానిని అందిపుచ్చుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. అది మనకు చేసిన ఉపకారం అక్షరాల సోయగం కాదు. పాఠాన్ని ప్రదర్శన నుంచి విడదీసింది. ఏ ఫాంటు ఉన్నా, ఏ యంత్రమైనా, 'అ' అంటే 'అ'యే. వెతకవచ్చు, నకలు తీయవచ్చు, చూపులేనివారికి యంత్రం చదివి వినిపించవచ్చు, వందేళ్ళ తరువాత కూడా తెరిచి చూడవచ్చు.

ఇప్పుడు ఆనాటి ఫాంటు స్థానంలోకి స్క్రిప్టు వచ్చి కూర్చుంది. సర్వరు పంపే పుటలో ఒక ఖాళీ పెట్టె తప్ప మరేమీ ఉండదు. దాని వెంబడే ఒక పెద్ద జావాస్క్రిప్టు దస్త్రం రావాలి. అది వచ్చి, విప్పుకొని, నడవడం మొదలుపెట్టి, మళ్ళీ సర్వరును అడిగి అసలు దత్తాంశాన్ని తెప్పించుకొని, అప్పుడు ఆ పెట్టెలో పుటను కట్టాలి. ఈ వరుసలో ఏ ఒక్క మెట్టు తప్పినా పాఠకుడికి మిగిలేది తెల్లకాగితమే. ఒక సంస్థ (పేరు అనవసరం) పాతకాలపు పత్రికల వ్యాసాలను ఎంతో శ్రమపడి టైపు చేయించి అంతర్జాలంలో ఉంచింది. ప్రయాణంలో చదువుకుందామని ఒక వ్యాసపు పుటను నా యంత్రంలో దాచుకున్నాను. తీరా తెరిచి చూస్తే అందులో ఉన్నది గుండ్రంగా తిరిగే ఒక చక్రమూ, "కాసేపు ఆగండి" అన్న మాటా. పుటలో ఒక్క వాక్యమైనా లేదు. ఆ సంస్థ వ్యాసాన్ని ప్రచురించిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వ్యాసాన్ని తన సర్వరులో దాచుకొని, స్క్రిప్టు నడిచిన ప్రతిసారీ అద్దంలో చూపిస్తోంది, అంతే.

ఇంటర్నెట్ ఆర్కైవు 1996 నుంచి అంతర్జాలపుటలను భద్రపరుస్తూ వస్తోంది. 2001లో వాటిని వేబ్యాక్ మెషీను పేరిట అందరికీ తెరిచింది. పాఠం పుటలోనే ఉన్న తొలినాటి సైట్లు అందులో నేటికీ చదవదగి ఉన్నాయి. స్క్రిప్టు కట్టిన పుటలు మాత్రం అక్కడ సరిగా తెరుచుకోకపోవడం తరచుగా చూస్తాం. స్క్రిప్టును దాచినా, అది నడిచేటప్పుడు అడిగే దత్తాంశం దొరికితేనే గదా పుట నిలబడేది!

ఇక్కడికి ఎలా వచ్చాము

ఈ దారి ఒక్కరోజులో పడలేదు. టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనాలయంలో రూపొందించిన వెబ్ 1991లో లోకానికి తెరుచుకున్నప్పుడు పుట అంటే పాఠమూ, లంకెలూ. 1995లో నెట్‌స్కేపు సంస్థలో బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్టును తయారుచేశాడు. 1999లో మైక్రోసాఫ్టు తన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5లో, పుటను వదలకుండానే వెనుకనుంచి సర్వరుతో మాట్లాడే సాధనాన్ని చేర్చింది. 2004లో జీమెయిలు, 2005లో గూగుల్ పటాలు ఆ సాధనపు శక్తిని అందరికీ చూపించాయి. 2005లోనే జెస్సీ జేమ్స్ గారెట్ దీనికి అజాక్స్ అని పేరు పెట్టాడు.

ఇంతవరకు తప్పుపట్టవలసినది ఏమీ లేదు. పటాన్ని వేలితో జరిపితే పక్క ఊరు కనిపించడం మంచిదే. ఒక పొరపాటు మాత్రం ఇక్కడే మొలకెత్తింది. పటానికి పనికివచ్చిన పద్ధతి కథకు కూడా పనికివస్తుందనీ, ఉత్తరాల పెట్టెకు నప్పినది నిఘంటువుకూ నప్పుతుందనీ అనుకున్నారు. 2010లో ఆంగ్యులర్, 2013లో రియాక్టు, 2014లో వ్యూ వచ్చాయి. ప్రతి ఒక్కటీ తనమటుకు తాను సమర్థమైన పనిముట్టే. కాని చేతిలో గొడ్డలి ఉన్నదని తోటకూర కాడను కూడా దానితోనే నరకడం మొదలయింది.

ట్విట్టరు చూపిన ఉదాహరణ

నా మాట ఊహాజనితం కాదనడానికి అందరికీ తెలిసిన ఒక దృష్టాంతం చాలు. ట్విట్టరు (నేటి ఎక్స్) 2010 సెప్టెంబరులో తన సైటును పునర్నిర్మించి, పుటను కట్టే పనిని బ్రౌజరుకు అప్పగించింది. చిరునామాలలో 'హ్యాష్' గుర్తూ, దాని పక్కన ఆశ్చర్యార్థకమూ వచ్చి చేరాయి. చిరునామాలో ఆ హ్యాష్ తరువాతి భాగం సర్వరుకు అసలు చేరదు. అంటే మీరు ఎవరి పుటను అడుగుతున్నారో సర్వరుకే తెలియదు. ముందు స్క్రిప్టు దిగి, నడిచి, చిరునామాను చదివి, తిరిగి అడగాలి.

రెండేళ్ళు తిరగకుండానే, 2012 మేలో, ఆ సంస్థ ఇంజనీర్లు పుటను కట్టే పనిని మళ్ళీ సర్వరుకు మార్చారు. దానివల్ల పుట తొలిసారి తెరుచుకొనే వ్యవధి అంతకు ముందున్నదానిలో ఐదోవంతుకు తగ్గిందని వారే బహిరంగంగా ప్రకటించారు. అదే విధానాన్ని అనుసరించిన గాకర్ పత్రికల సమూహం 2011 ఫిబ్రవరిలో కొత్త రూపం దాల్చిన రోజునే, స్క్రిప్టు సరిగా అందక, దాని సైట్లన్నీ ఖాళీ పుటలుగా మిగిలాయి. వ్యాసాలు ఉన్నాయి, సర్వర్లు ఉన్నాయి, పాఠకులు ఉన్నారు. నడుమనున్న వంటవాడు రాలేదు.

ట్విట్టరు 2019లో మళ్ళీ బ్రౌజరు వైపే మరలింది కదా అని ఎవరైనా అడగవచ్చు. మరలిన మాట నిజమే. ఆ సంస్థకు దినమంతా ఒకే పుటలో కూర్చునే వాడుకదారులు ముఖ్యం. ఎక్కడినుంచో ఒక లంకె పట్టుకుని వచ్చి, ఒక్క వ్యాసం చదివి వెళ్ళే అపరిచితుడు ఒక సాహిత్యపుటకు ముఖ్యం. ఎవరి అతిథులు ఎవరో తెలుసుకోకుండా ఎదుటివారి వంటశాలను అనుకరించడమే అనర్థం.

వెబ్ కాంపొనెంటు అంటే ఏమిటి

2011లో అలెక్స్ రసెల్ ఒక సభలో వెబ్ కాంపొనెంట్ల ప్రతిపాదనను ప్రవేశపెట్టాడు. సారాంశం ఇది: హెచ్‌టీఎంఎల్‌లో పేరా, పట్టిక, లంకె వంటి ట్యాగులు ఎలా ఉన్నాయో, అలాగే మనకు కావలసిన ట్యాగును మనమే సృష్టించుకోవచ్చు. దాని పేరులో ఒక అడ్డగీత ఉండాలి, పేరు రోమను చిన్న అక్షరంతో మొదలుకావాలి. తక్కినది తెలుగు లిపిలో ఉన్నా చెల్లుతుంది. అంటే 'పద్యం' అనే పేరుతోనే మనం ఒక ట్యాగును చేసుకోవచ్చు, ముందు ఒక రోమను అక్షరమూ గీతా ఉంటే చాలు. ఫైర్‌ఫాక్సు 2018 అక్టోబరులోనూ, క్రోమియం పునాది మీద తిరిగి కట్టిన ఎడ్జ్ 2020 జనవరిలోనూ దీనిని స్వీకరించడంతో ప్రధాన బ్రౌజర్లన్నిటిలో ఈ సదుపాయం ఏర్పడింది.

ఈ ఏర్పాటులో నాకు నచ్చిన గుణం ఒకటుంది. తనకు తెలియని ట్యాగు ఎదురైతే బ్రౌజరు అలగదు. ట్యాగును పట్టించుకోకుండా లోపలి పాఠాన్ని యథాతథంగా చూపిస్తుంది. ఇది హెచ్‌టీఎంఎల్ పుట్టుకతో వచ్చిన మర్యాద. కనుక పద్యపు ట్యాగులో పద్యాన్ని సర్వరే రాసి పంపితే, స్క్రిప్టు వచ్చినా రాకపోయినా పద్యం కనిపిస్తుంది. స్క్రిప్టు వచ్చినప్పుడు ఆ ట్యాగు మేలుకొని, ప్రతిపదార్థాన్ని విప్పి చూపడమో, పద్యాన్ని చదివి వినిపించడమో వంటి అదనపు విద్యలు నేర్చుకుంటుంది.

గిట్‌హబ్ సైటు ఈ పనే చేస్తోంది. కాలాన్ని చూపే దాని ట్యాగులో తేదీని సర్వరే రాసి పంపుతుంది. స్క్రిప్టు దానిని "మూడు గంటల క్రితం" వంటి రూపంలోకి మారుస్తుంది. స్క్రిప్టు లేకపోతే తేదీ మిగులుతుంది. నష్టమేమున్నది? ఇలాంటివాటికి హెచ్‌టీఎంఎల్ వెబ్ కాంపొనెంట్లు అని 2023లో జెరెమీ కీత్ నామకరణం చేశాడు. పేరు కొత్తదైనా బుద్ధి పాతదే.

దీనికి బదులు ఎక్కువమంది చేస్తున్నది వేరు. ట్యాగును ఖాళీగా పంపి, లోపలి సరుకంతా స్క్రిప్టు చేత పుట్టిస్తున్నారు. కొంతకాలం వారికి ఒక సాకు ఉండేది. కాంపొనెంటు లోపలి అలంకరణ బయటి పుటతో కలిసిపోకుండా కాపాడే షాడో డామ్ అనే తెర ఒకటుంది. దానిని కట్టడం స్క్రిప్టుకు మాత్రమే సాధ్యమయ్యేది, సర్వరుకు అసాధ్యం. ఆ సాకు కూడా నేడు చెల్లదు. టెంప్లేటు ట్యాగుకు ఒక చిన్న గుణాన్ని తగిలించి ఆ తెరను కేవలం హెచ్‌టీఎంఎల్‌లోనే ప్రకటించే పద్ధతి క్రోమ్, సఫారీలలో 2023 మార్చిలో, ఫైర్‌ఫాక్సులో 2024 ఫిబ్రవరిలో స్థిరపడింది. అది వట్టి పాఠం. దానిని పీహెచ్‌పీ రాయగలదు, పైథాన్ రాయగలదు, చేతితో మనిషి కూడా రాయగలడు. ఒక జాగ్రత్త మాత్రం కావాలి. సర్వరు పంపిన తెరను స్క్రిప్టు గుర్తించి వాడుకోవాలి. తుడిచివేసి మొదటినుంచి గీస్తే చేసిన వంటను పారబోసినట్లే.

ఇంకొక సలహా. చదివే పాఠాన్ని ఆ తెర వెనుక పెట్టవద్దు. ఒక గడికీ దాని పేరుకూ ముడివేసే గుర్తులు ఆ తెరను దాటలేవు. అంధులకు పుటను చదివి వినిపించే సాధనాలు ఆధారపడేది ఇలాంటి ముడుల మీదనే. తెర లోపల అంచులు, రంగులు, బటన్లు ఉంటే ఉండనివ్వండి. పద్యం మాత్రం వెలుగులో ఉండాలి.

తునకల వడ్డన

"తొలిపుట సంగతి సరే, తరువాత మార్పులు ఎలా? ప్రతి నొక్కుకూ పుటంతా మళ్ళీ రావాలా?" అన్నది సహజమైన ప్రశ్న. అక్కరలేదు.

పద్యం కింద 'ప్రతిపదార్థం' అనే లంకె ఉన్నదనుకోండి. అది నిజమైన లంకె, ప్రతిపదార్థమున్న నిజమైన పుటకు పోతుంది. స్క్రిప్టు లేనివారు నొక్కితే ఆ పుట తెరుచుకుంటుంది. స్క్రిప్టు ఉన్నచోట మన పద్యపు ట్యాగు ఆ నొక్కును పట్టుకొని, అదే సర్వరును అదే విషయం అడిగి, పుటకు బదులు ప్రతిపదార్థపు తునకను మాత్రం హెచ్‌టీఎంఎల్‌గా తెప్పించి తన లోపల ఉంచుకుంటుంది. పుటను కట్టే అచ్చూ, తునకను కట్టే అచ్చూ ఒకటే, రెండూ సర్వరులోనే. ఒకేచోట తప్పు దిద్దితే రెండుచోట్లా దిద్దుబాటు అవుతుంది.

తునకలు తెప్పించుకోవడం కొత్త కాదు. 2006లో వచ్చిన జేక్వెరీతోనే మేమందరం చేశాం. అయితే అప్పుడొక చిక్కు ఉండేది. కొత్త తునక పుటలో చేరిన ప్రతిసారీ దానిలోని బటన్లకూ లంకెలకూ పనులను మనమే మళ్ళీ అప్పగించాలి. ఒకటి మరచిపోతే ఆ బటను మూగదైపోయేది. రెండుసార్లు అప్పగిస్తే ఒక్క నొక్కుకు రెండుసార్లు పలికేది. ఈ విసుగే చాలామందిని సర్వరు తునకల నుంచి దూరంచేసి, అంతా బ్రౌజరులోనే కట్టే పెద్ద చట్రాల వైపు తరిమింది.

ఆ చిక్కును వెబ్ కాంపొనెంట్లు విప్పేశాయి. ఒకసారి నిర్వచించిన ట్యాగు పుటలోకి ఎప్పుడు ఏ దారిన వచ్చినా, తొలిపుటతో వచ్చినా, పది నిమిషాల తరువాత తునకలో వచ్చినా, బ్రౌజరే దానిని గుర్తించి మేలుకొలుపుతుంది. తొలగించినప్పుడు సెలవు కూడా తీసుకోనిస్తుంది. మనం ఎవరికీ ఏమీ అప్పగించనక్కరలేదు. సర్వరు హెచ్‌టీఎంఎల్‌ను పంపుతుంది, బ్రౌజరు దానికి ప్రాణం పోస్తుంది. నా వాదనకంతటికీ ఇరుసు ఇదే. సర్వరు తునకలకు లోపించినది ఏదో అదే వెబ్ కాంపొనెంట్ల వద్ద ఉన్నది. ఈ రెంటినీ శత్రువులుగా చూపేవారు రెంటినీ సరిగా చూడలేదు.

ఇది నా ఒక్కడి మాట కాదు. 2020 నవంబరులో వెలువడిన హెచ్‌టీఎంఎక్స్ 1.0 ఈ తునకల దారినే పట్టింది. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన హాట్‌వైర్ కూడా అంతే. దానిలోని టర్బో ఫ్రేము సాక్షాత్తు ఒక వెబ్ కాంపొనెంటే. అదే నెలలో రియాక్టు రచయితలు సైతం సర్వరు కాంపొనెంట్లను ప్రతిపాదించారు. ఇల్లు వదిలి దూరదేశాలు తిరిగినవారు ఒక్కొక్కరే పెరటి గుమ్మం గుండా లోపలికి వస్తున్నారు. వచ్చినందుకు సంతోషమే.

ఇక్కడ ఆచరించేవారికి ఒక హెచ్చరిక. తునకను పుటలో చొప్పించడానికి అలవాటుగా వాడే ఇన్నర్ హెచ్‌టీఎంఎల్ అనే మార్గం, పైన చెప్పిన ప్రకటిత షాడో తెరలను విప్పదు. వాటికోసం సెట్ హెచ్‌టీఎంఎల్ అన్‌సేఫ్ అనే వేరే మార్గం 2024 నాటికి ప్రధాన బ్రౌజర్లలో వచ్చింది. ఆ పేరులోనే ప్రమాదఘంట ఉంది. బయటివారు రాసిన మాటలను శుద్ధిచేయకుండా తునకలో పెడితే వారి స్క్రిప్టు మీ పాఠకుల మీద నడుస్తుంది. ఆ శుద్ధి సర్వరు బాధ్యత.

ఆక్షేపణలకు సమాధానాలు

ఒకటి: "జావాస్క్రిప్టు లేని ఫోను నేడు ఎక్కడున్నది?" ఉన్నది, మీరు అనుకునే చోట కాదు. 2013లో బ్రిటన్ ప్రభుత్వపు డిజిటల్ సేవావిభాగం తన సైటు మీద పరీక్ష జరిపింది. స్క్రిప్టు అందని సందర్శకులు నూటికి 1.1 మంది అని తేలింది. అందులో స్క్రిప్టును ఆపివేసుకున్నవారు, అది చేతకాని బ్రౌజరు వాడేవారు కలిపి 0.2 మాత్రమే. మిగిలిన 0.9 వారివి స్క్రిప్టు నడవవలసిన బ్రౌజర్లే, అయినా నడవలేదు. సంకేతం తెగి ఉండవచ్చు, ఆఫీసు అడ్డుగోడ ఆపి ఉండవచ్చు, దస్త్రం సగంలో నిలిచి ఉండవచ్చు. కనుక స్క్రిప్టు లేనివాడు వేరే జాతి మనిషి కాడు. రైలు సొరంగంలోకి దూరిన క్షణాన మీరే ఆ మనిషి.

రెండు: "సర్వరు మీద భారం పెరుగుతుంది." ఒక కథ పుట వెయ్యిమందికీ ఒక్కటే. సర్వరు దానిని ఒకసారి కట్టి దాచుకొని వెయ్యిసార్లు వడ్డించగలదు. బ్రౌజరులో కట్టే పద్ధతిలో వెయ్యి ఫోన్లు వెయ్యిసార్లు వండుకుంటాయి. భారం తగ్గలేదు, కనబడని చోటికి మారింది. మన బ్యాటరీ, మన డేటా, మన కాలం ఎవరి పద్దులోనూ పడవు గనుక అది చౌకగా తోస్తోంది.

మూడు: "సర్వరులో ఒకసారి కట్టి, బ్రౌజరులో తిరిగి ప్రాణం పోస్తే రెండువిధాలా లాభం కదా?" హైడ్రేషన్ అని దీనికి పేరు. ఇందులో హెచ్‌టీఎంఎల్‌గా ఒకసారి వచ్చిన పాఠమే, స్క్రిప్టు సౌకర్యం కోసం జేసన్ రూపంలో రెండోసారి కూడా వస్తుంది. తెలుగుకు దీని ఖర్చు చూడండి. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో 6 సంకేతాలు ఉన్నాయి, అంటే 18 బైట్లు. జేసన్‌ను పుట్టించే పీహెచ్‌పీ, పైథాన్ సాధనాలు, మనం ప్రత్యేకంగా వారించకపోతే, ఒక్కొక్క సంకేతాన్ని వాలుగీతతో మొదలయ్యే 6 బైట్ల గుర్తుగా మారుస్తాయి. అప్పుడు అదే 'స్త్రీ' 36 బైట్లు. రెండూ కలిపి 54. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు చాలిన దేశాల్లో ఈ పద్ధతిని రూపొందించినవారికి ఈ లెక్క కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు. దారిలో కుదింపు వల్ల ఈ భారం బాగా తగ్గే మాట వాస్తవమే. కాని చేరిన తరువాత ఫోను దానినంతటినీ విప్పాలి, చదవాలి, జ్ఞాపకంలో మోయాలి. అక్కడ కుదింపు ఆదుకోదు.

నాలుగు: "కాంపొనెంటు అచ్చు జావాస్క్రిప్టులో ఉంటే, మా సర్వరు వేరే భాషలో ఉన్నది. ఎలా?" ఇది నిజమైన ఇబ్బందే. సర్వరులో కూడా జావాస్క్రిప్టును నడపడం ఒక దారి, 2009లో పుట్టిన నోడ్ ఉన్నదే అందుకు. నేను మెచ్చే దారి అంతకంటె సులువైనది. కాంపొనెంటులో అచ్చే ఉంచవద్దు. అచ్చులన్నీ సర్వరులో ఉండనివ్వండి. స్క్రిప్టుకు ప్రవర్తన మాత్రమే మిగల్చండి. అప్పుడు రెండు భాషల మధ్య పంచుకోవలసినది ఏమీ ఉండదు.

ఐదు: "ప్రతి నొక్కుకూ సర్వరు దాకా పోతే ఆలస్యం." కొత్త విషయం ఎలాగూ సర్వరు నుంచే రావాలి. అది జేసన్‌గా వస్తే వేగమూ, హెచ్‌టీఎంఎల్‌గా వస్తే ఆలస్యమూ ఎలా అవుతుంది? అప్పటికే పుటలో ఉన్నదానిని మూసి తెరవడానికైతే సర్వరూ అక్కరలేదు, స్క్రిప్టూ అక్కరలేదు. హెచ్‌టీఎంఎల్‌లోని డీటెయిల్స్ ట్యాగు ఆ పని చేస్తుంది.

స్క్రిప్టుకు చెందవలసినవి

అంతటా సర్వరే ఉండాలని నేను అనడం లేదు. లేఖిని వంటి టైపింగు సాధనాన్నే తీసుకోండి. మనం రోమను లిపిలో కొట్టే ఒక్కొక్క అక్షరానికీ సర్వరును అడిగి తెలుగు తెచ్చుకోవాలంటే రాయడం ఒక నరకం. అది బ్రౌజరులోనే నడవాలి, అలాగే నడుస్తోంది కూడా. పటాలు, బొమ్మలు గీసే పలకలు, లెక్కల పట్టికలు, ఆటలు ఈ కోవలోవే. అక్కడ మనిషి చేస్తున్నది చదవడం కాదు, పనిముట్టును వాడటం. పనిముట్టు చేతిలోనే ఉండాలి.

కాని కథ పనిముట్టు కాదు. వార్త కాదు, నిఘంటువులోని అర్థం కాదు, పంటధరల పట్టిక కాదు, పరీక్షాఫలితాల జాబితా కాదు. ఇవన్నీ అందవలసిన పాఠాలు. వీటిని ఖాళీ పెట్టెలో పెట్టి తాళాన్ని ఒక స్క్రిప్టుకు ఇవ్వడానికి కట్టేవాడి సౌలభ్యం తప్ప వేరే కారణం నాకు కనబడదు. కట్టేవాడి చేతిలో కొత్త ఫోనూ, బల్ల మీద వేగమైన యంత్రమూ, గోడలో తీగ ఇంటర్నెట్టూ ఉంటాయి. అతడు ఎప్పుడూ మొదటి పంక్తిలోనే భోంచేస్తాడు. అందుకే కడబంతిలో విస్తరి ఖాళీగా ఉన్న సంగతి అతడికి తెలియదు.

వడ్డించేవాడు మనవాడయితే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదని సామెత. మనవాడు కాకపోయినా కడబంతికి అన్నం చేరే ఏర్పాటు ఒకటి వెబ్‌లో మొదటినుంచీ ఉన్నది. పాఠాన్ని ముందు పంపు, సొగసులు తరువాత చేర్చు అన్నదే ఆ ఏర్పాటు. ఫాంటు సంకెలను తెంపుకున్న తెలుగు పాఠానికి మరొక సంకెల తగిలించే హక్కు మనకు లేదు. తెలుగు పుటలు కడుతున్న మిత్రులు ఒక్క పరీక్ష చేయవలసిందిగా నా మనవి. మీ బ్రౌజరులో జావాస్క్రిప్టును ఆపివేసి మీ సొంత పుటను తెరవండి. కథ కనబడితే మీరు ప్రచురణకర్తలు. తిరిగే చక్రం మాత్రమే కనబడితే ఏమి చేయాలో పైన రాశాను. విజ్ఞులు ఆలోచింతురు గాక.